గొడుగు పాటకి జవాబు

మే 28

సభ అయిపోయింది. గొడుగు పాటకి పాతికేళ్ళు నిండాయని రచయితల సంఘం వాళ్ళు చేశారు. రెండొందల కుర్చీలు వేస్తే నూటయాభై నిండాయి. వెనక వరసల్లో సగం మంది ఏసీ కోసం వచ్చినవాళ్ళే, నాకు తెలియదా. అధ్యక్షుడు మైకు పట్టుకుని "మన గొడుగు గారు" అన్నాడు. నాలుగొందల పాటలు రాశాను. ఈ మనిషి నోటికి ఆ ఒక్క మాటే దొరుకుతుంది. పళ్ళికిలించి ఊరుకున్నాను.

ఆ పాట ఎలా పుట్టిందని ఎవరో అడిగారు. చెప్పాను. వయసులో ఉండగా ఒకరింటికి వెళ్ళాననీ, మళ్ళీ రావడానికి ఓ సాకు ఉండాలని గొడుగు కావాలనే గుమ్మం పక్కన వదిలేశాననీ. హాలంతా చప్పట్లు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది కూడా. కథన్నాక కాస్త ఉప్పూ కారం పడతాయి.

అక్క మూడో వరసలో కూర్చుంది. చప్పట్లు మోగుతుండగానే లేచి వెళ్ళిపోయింది. మోకాళ్ళ నొప్పులేమో.

జూన్ 9

ఇంకో తోక మొలిచింది.

ఒక పాట నాలుగు కాలాలు నిలిచిందంటే చాలు, దానికి తోకలు మొలుస్తాయి. "ఎప్పుడొస్తావ్" అని ఒకడు ఏడుస్తాడు. మర్నాడే "వచ్చేశాగా" అని ఇంకొకడు. ఆర్నెల్లకి "ఎందుకొచ్చావ్" అని మూడోవాడు. సొంతంగా ఒక ఏడుపు ఏడవడం చేతకాదు వీళ్ళకి. ఎవరో వండిపెట్టిన గిన్నెలో ఇన్ని నీళ్ళు పోసి, మేమే వండామని వడ్డిస్తారు.

పొద్దున్నే రికార్డింగు కంపెనీ మేనేజరు ఫోను. "సార్, మీ గొడుగుకి ఎవరో ఆవిడ జవాబు రాసింది. వారం నుంచి ఎవరి ఫోన్లో చూసినా అదే." వాడి గొంతులో సంతోషమో దిగులో తెలియలేదు. వాడికీ తెలిసినట్టు లేదు.

మా ఆవిడ ఫోన్లో పెట్టించుకుని విన్నాను. వాయిద్యాల్లేవు, ఒక్క హార్మోనియం. అదీ ఎక్కడో గాలి కారుతోంది. వెనకాల కుళాయి చప్పుడు. గొంతు ముసలిది, పైకి వెళ్ళినప్పుడల్లా పాత గుడ్డలా పరపరమంటోంది. ఎవరో రిటైరైన టీచరమ్మ అయ్యుంటుంది. పొద్దుపోక కవిత్వం మీద పడింది.

పల్లవి నాది యథాతథంగా ఎత్తుకుంది:

గొడుగొకటి మరిచాను నీ గుమ్మంలో
కావాలనే మరిచాను, కోపమొద్దు
వానొచ్చిన నాడొస్తా దానికోసం
అందాకా మబ్బుల్ని తిట్టొద్దు

అక్కణ్ణించి తన సొంత కవిత్వం:

వానొచ్చి వెలిసింది, ఒకటా రెండా
వాకిట్లో నీ అడుగు పడనేలేదు
నీ గొడుగేసుకునే కూరలకెళ్ళా
నువు తడిసినా నాకిపుడు దిగులేలేదు

కూరలకెళ్ళా! పాటలో కూరలేమిటి, నా బొంద. రేపు ఉప్పూ పప్పూ కూడా వస్తాయి. అదే మాట పైకి అంటే మా ఆవిడ బట్టలు మడతపెడుతూ తల కూడా ఎత్తలేదు.

"అది వదిన గొంతండీ" అంది.

"ఏ వదిన?"

"నాకెంతమంది వదినలున్నారు? మీ అక్క. తోడబుట్టిన గొంతు గుర్తుపట్టలేదా?"

ఫోన్లో సరిగ్గా వినపడదు. అందుకే గుర్తుపట్టలేదు.

జూన్ 10

మళ్ళీ వినలేదు. ఎందుకు వింటాను.

(సాయంత్రం) నాలుగుసార్లు విన్నాను. తప్పులు పట్టడానికి.

జూన్ 11

అక్క అంటే నాకు గౌరవం లేదని ఎవరూ అనలేరు. అమ్మా నాన్నా పోయాక నన్ను చదివించింది ఆవిడే. కాదన్నానా? కానీ ఎవరి పని వాళ్ళది.

ఆవిడ పని ట్రాకు పాడటం. పేరున్న గాయకుడు వచ్చి నేర్చుకోవడానికి వీలుగా ముందే పాటంతా పాడి పెట్టాలి. ఆయనొచ్చి, విని, తన గొంతుతో పాడేశాక ట్రాకు గొంతు చెరిపేస్తారు. అదే టేపు మీద మర్నాడు ఇంకో పాట. ఇరవై ఏళ్ళు అక్క అదే చేసింది. ఎక్కడా ఆవిడ పేరు లేదు, ఎందుకుంటుంది? తర్వాత స్కూల్లో సంగీతం టీచరు. మర్యాదైన బతుకు. అరవై దాటాక కవయిత్రి అయిపోవాలని ఈ తహతహ ఏమిటి?

పైగా పాట కింద రాయించుకుంది: రచన, గానం అని తన పేరు. మొన్న చూసుకోలేదు, ఇవాళ చూస్తే ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజుల్లో నిడివి ఎక్కువైందని, గొడుగుకి బాణీ కట్టిన సంగీతం పెద్దాయన అందులో ఏదో చరణం తీసేశాడు. ఏదో సరిగ్గా గుర్తులేదు. ఆయన పోయి కూడా పన్నెండేళ్ళయింది, అడుగుదామన్నా లేడు.

జూన్ 13

మేనేజరు ఇంటికే వచ్చాడు. సోఫాలో కూర్చోకుండా సోఫా అంచున కూర్చునే రకం.

"సార్, జవాబుకి జవాబు రాయండి. మనమే రిలీజు చేద్దాం. ఆవిడ కూరలకెళ్ళిందంది కదా, మీరు దార్లో ఎదురైనట్టు..."

"నా పాటకి నేనే తోక పెట్టుకోవాలా? అలాంటి చెత్త నా కలం నుంచి రాదు" అన్నాను.

కాఫీ కప్పులు పెడుతూ మా ఆవిడ, "అదేంటి, 'గొడుగు తెచ్చుకున్నా' అని ఒకటి రాశారుగా, గొడుగు వచ్చిన అయిదో ఏట? నెల తిరక్కుండానే అందరూ మర్చిపోయారు" అంది.

మేనేజరు కాఫీలోకి చూస్తూ నవ్వు ఆపుకున్నాడు. ఆ పాట సంగతి ఇక్కడ అప్రస్తుతం.

జవాబు రాయనన్నాను. సంఘంలో ఫిర్యాదు ఇస్తానన్నాను. సంఘం నాదే న్యాయమంటే, కంపెనీ వాళ్ళు ఆ ఉత్తరం చూపించి అక్క పాటని అన్ని చోట్ల నుంచీ తీయించేస్తారు. ఆవిడ క్షమాపణ రాసివ్వాలి. కఠినమే. కానీ ఇవాళ ఊరుకుంటే రేపు ప్రతి ఇంట్లోంచీ ఒక జవాబు వస్తుంది.

ఫిర్యాదు నా చేత్తోనే రాశాను. "గొడుగు పాటలోని ప్రతి మాట, ప్రతి ఆలోచన పూర్తిగా నా సొంతం." సంతకం పెట్టాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

జూన్ 15

ఊరికే, చెయ్యి తిప్పడానికి, జవాబుకి జవాబు రాసి చూశాను.

"కూరలకెళ్ళే దారిలో నేనే నిలుచున్నా." ఛీ.

"నా గొడుగు కింద నీవు, నీ నీడ కింద నేను." ఛీ ఛీ. కొత్తగా కలం పట్టినవాడు కూడా ఇంతకంటే నయంగా రాస్తాడు.

చింపేశాను. ఆ "దిగులేలేదు" దగ్గర పాట అయిపోతోంది. దాని తర్వాత మగాడు ఏమన్నా వెర్రిమొహంలాగే ఉంటున్నాడు. ఆవిడ తెలివి కాదిది, నా ఒంట్లో బాగోక.

జూన్ 17

అక్క ఫోను చేసింది.

"ఒరేయ్, సంఘం నుంచి నీ ఫిర్యాదు కాగితం వచ్చింది. నువ్వే రాశావా, ఎవరైనా రాసిపెట్టారా?"

"నేనే."

"అనుకున్నా. చేతిరాత బాగుంది. నేను దిద్దించిందేగా."

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"ఆ వయొలిన్ ఆయన గొడుగు నీదెప్పుడైందిరా?"

వయొలిన్ ఆయనంటే, పెద్దాయన దగ్గర వాయించేవాడు. ఏడాది పాటు మా ఇంటికి వచ్చిపోయాడు. అక్కతో పెళ్ళి మాట కూడా అయింది. ఓ రోజు గొడుగు మర్చిపోయి వెళ్ళాడు, అంతే, మళ్ళీ రాలేదు. వేరే ఊళ్ళో పెళ్ళి చేసుకున్నాడని రెండు నెలలకి తెలిసింది. ఆ గొడుగు తలుపు వెనకాలే వేలాడుతుండేది.

"కవన్నవాడు ఎక్కడ కనపడితే అక్కడ తీసుకుంటాడక్కా. అది తప్పు కాదు."

"తీసుకో. నేనేమన్నా అన్నానా? వాడు కావాలనే మరిచాడని, వస్తాడని రాశావు. వాడు మరిచిపోయి పోయిన వెధవ, నువ్వు వాణ్ణి మహానుభావుణ్ణి చేశావు. పాటేగా అని ఊరుకున్నా. పాతికేళ్ళు నోరెత్తానా? మొన్న సభలో నా కళ్ళముందు నువ్వే ఆ గొడుగు వదిలినవాడివి అయిపోయావు. నన్ను వదిలేసి పోయినవాడికి నువ్వు చప్పట్లు కొట్టించుకున్నావురా. కడుపు రగిలిపోయింది. ఇంటికెళ్ళి పాడాను. పక్కింటి పిల్ల ఫోన్లో పట్టింది."

"అక్కా, సంఘం చూసుకుంటుంది..."

"మొత్తం పాటలో ఆ నాలుగు లైన్లే నావి. అవి కూడా తీయించేస్తావా?"

"సంఘం చూసుకుంటుందన్నాగా."

జూన్ 18

నిన్న ఫోను పెట్టేసింది ఆవిడే. రేపెవరైనా అడిగితే చెప్పడానికి రాసిపెట్టుకుంటున్నాను.

జూన్ 20

రుజువు దొరికింది. బీరువా అడుగున, దుప్పట్ల కింద, బిస్కట్ల డబ్బాలో పాత క్యాసెట్టు. పైన నా అక్షరాల్లోనే "గొడుగు, ట్రాకు, చెరిపెయ్యాలి" అని, తేదీతో సహా. చెరపడం మర్చిపోయినట్టున్నాను. మంచిదైంది. పాట నేనెప్పుడు రాశానో ఈ తేదీయే చెబుతుంది.

"విని ఇవ్వండి" అంది మా ఆవిడ.

"నా పాట నేను వినాలా? అయినా ట్రాకు ఎవడు వింటాడు? చెరిపేసే గొంతు."

"వినకుండా ఇవ్వకండి, నా మాట వినండి."

ఇంట్లో క్యాసెట్టు వేసే యంత్రం లేదు. పక్క వీధి రేడియో రిపేరు షాపులో ఉందంది. ఆ షాపు ముందు నిలబడి నా పాట నేను వింటుంటే ఊరు నవ్వదూ? ఇచ్చేశాను సంఘంలో.

జూన్ 24

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

సంఘం గదిలో పొడుగు బల్ల. అధ్యక్షుడు, కార్యదర్శి, ఇద్దరు సభ్యులు. మేనేజరు కుర్చీ అంచున. ఎదురుగా అక్క, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని. నన్ను చూసి "భోంచేశావా?" అంది. అందరి ముందూ. తలూపాను. తినలేదు.

నేను బాగానే మాట్లాడాను. జవాబు పాటలు ఎలా పరాన్నజీవులో చెప్పాను. కూరల మాట ఎత్తి నవ్వించాను కూడా. చివర్లో, రుజువు కావాలంటే ట్రాకు వినండి, తేదీ చూడండి, ప్రతి మాటా నాదే అన్నాను.

కార్యదర్శి ఎక్కడినుంచో పాత టేపురికార్డరు పట్టుకొచ్చాడు. మీట నొక్కితే ఊడి చేతికొచ్చింది. పెన్ను కొన పెట్టి నొక్కాడు.

ముందు బుసబుస. కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత ఓ కుర్రాడి గొంతు, ఉత్సాహం ఆగనట్టు.

"మగ ట్రాకు వాడు ఇవాళ ఎగ్గొట్టాడక్కా, అంతా నువ్వే పాడెయ్. చివర్లో నీ చరణం కూడా పాడు. ఖర్మ, నా చరణాల కన్నా అదే బాగుంది."

అక్క గొంతు: "మగాడి పాటలో ఆడది తిరిగి మాటంటే ఉంచుతారట్రా?"

"ఎవరు తీస్తారో చూస్తా. నేను ఉంచుతాను. నీమీద ఒట్టు."

అక్క నవ్వింది. టేపులో. ఆ తర్వాత పాట మొదలైంది.

పల్లవి, నా రెండు చరణాలు, ఆ పైన వానొచ్చి వెలిసింది. కూరలతో సహా. గొంతులో ఎక్కడా పరపర లేదు. పైకి వెళ్ళేకొద్దీ ఇంకా తేలిగ్గా వెళ్ళింది. ఇంత గొంతు మా ఇంట్లో ఉండేదా? నేను రోజూ అన్నం తింటూ వింటుండేవాణ్ణి.

పాట ఆగింది. మేనేజరు ఫోను బయటికి తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"గొడుగు గారూ, ముందు మాట్లాడింది మీరేనా?" అన్నాడు అధ్యక్షుడు.

"నా గొంతులాగే ఉంది" అన్నాను.

నిజంగా అలాగే అన్నాను. కార్యదర్శి దగ్గొచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అక్క ఇప్పుడు నన్ను కడిగేస్తుందని కాచుకున్నాను. ఆవిడ నా వైపు చూడనేలేదు. టేపురికార్డరు వైపు చూస్తోంది.

"అది నా గొంతేనా అండీ?" అంది అధ్యక్షుడితో. "వందల పాటలు పాడాను. ఒక్కటీ మిగల్లేదు. వయసులో ఉన్నప్పటి గొంతు ఎలా ఉండేదో మర్చిపోయాను." చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంకొక్కసారి వేస్తారా?"

కార్యదర్శి పెన్నుతోనే వెనక్కి తిప్పాడు. మళ్ళీ మొదటినుంచీ. "ఎవరు తీస్తారో చూస్తా. నేను ఉంచుతాను. నీమీద ఒట్టు." రెండోసారి అందరి కళ్ళూ నా మీదే. ఆవిడ మాత్రం కళ్ళు మూసుకుని వింటోంది, బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ.

నా ఫిర్యాదు కొట్టేశారు. అక్క పాట అలాగే ఉంటుంది. అసలు పాట సంగతేమిటో మీరే రాసివ్వండి అన్నారు నన్ను. మర్యాదగానే అన్నారు.

టేపు నా చేతికిచ్చారు. ఎవరు తెచ్చారో వాళ్ళకే ఇవ్వాలట.

జూన్ 25

పదకొండో తారీఖున ఏం రాశానో తిరగేసి చూశాను. పెద్దాయన ఏదో చరణం తీసేశాడట. ఎంత చక్కగా రాశాను.

పెద్దాయన ఆ చరణం చూడనే లేదు. ఆ ట్రాకు టేపు ఆయన దాకా పోనివ్వలేదు. రికార్డింగు ముందురోజు శుద్ధప్రతి రాసింది నేను. ఈ బల్ల మీదే. రెండు చరణాలు రాసి, మూడోది ఎత్తి రాయబోతూ ఆగాను. అది ఉంటే జనం దాన్నే పాడుకుంటారని తెలుసు. నా పాటలో నాకంటే ఆవిడే బాగుంటుందని తెలుసు. కాగితం మడిచి కవర్లో పెట్టేశాను. అక్కతో, పెద్దాయన నిడివి ఎక్కువైందన్నాడని చెప్పాను. "పోనీలేరా" అంది. ఆ రాత్రి నాకిష్టమని వేపుడు కూడా చేసింది. తిన్నాను.

రెండు వారాలుగా ఈ డైరీలో తోకలని, చెత్తని తిడుతున్నాను. ఆవిడది జవాబు కాదు. నేను కత్తిరించిన సగం. తోక ఎవరిదో ఇప్పుడు అడగాలి. సిగ్గులేని జన్మ నాది.

మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఒకటి అంటే బాగుండేది.

జూన్ 27

మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళాను. రెండు గదులు. ముందు గదిలో హార్మోనియం, గోడవారగా పాట నేర్చుకునే పిల్లల చాపలు నాలుగు చుట్టి ఉన్నాయి. కుళాయి ఇంకా కారుతూనే ఉంది.

సంఘానికి రాసిన ఉత్తరం చేతికిచ్చాను. మూడో చరణం మా అక్కది, గొడుగు సంగతీ మా అక్కది, సభలో నేను చెప్పింది అబద్ధం, చరణం తీసేసింది నేనే అని. కళ్ళజోడు పెట్టుకుని నింపాదిగా చదివింది.

"'తీసేసింది నేనే' అన్నది ముందు రాయాల్సింది. ఆఖర్న ఇరికించావు" అంది.

"మార్చి రాస్తాను."

"రాయి. కాగితం సంఘానికిచ్చుకో. టేపు నాకివ్వు."

ఇచ్చాను. పైన నేను రాసిన మూడు మాటలూ చదివింది. చెరిపెయ్యాలి అన్న చోట బొటనవేలితో రుద్దింది. పాతికేళ్ళ సిరా, పోలేదు.

"అక్కా, నేను ఆరోజు..."

"వద్దురా. నువ్వు మొదలెట్టావంటే అదో పాటవుతుంది." కోపంగానే అంది. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. "ఒట్టు వేసింది నువ్వు. నేనడగలేదు. నువ్వు మాట తప్పావని అప్పుడే తెలుసు నాకు. పెద్దాయన భార్య చెప్పింది, మూడో చరణమే రాలేదని. నువ్వొచ్చి చెబుతావని చూశాను. వాడి కోసం కూడా అన్నాళ్ళు చూడలేదురా."

నేను అక్కడే ఏడ్చాను. యాభై దాటినవాణ్ణి, హార్మోనియం పక్కన నేల మీద. ఆవిడ వద్దనలేదు, ఓదార్చలేదు. లేచి వెళ్ళి కుళాయి గట్టిగా తిప్పింది. అయినా కారుతూనే ఉంది.

బయల్దేరబోతే వాన పట్టుకుంది. గుమ్మంలో నిలబడ్డాను. లోపల్నుంచి గొడుగు తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇది..."

"వాడిదా? అది చిరిగిపోయి ఎన్నేళ్ళయిందో. ఇది నాది, నేను కొనుక్కున్నది. రోజూ వాడుకునేది. రేపు పొద్దున్నకల్లా తెచ్చివ్వాలి."

"తెస్తాను."

"తెస్తానని పాట రాశావంటే కాళ్ళు విరగ్గొడతాను. గొడుగు తెచ్చివ్వు, చాలు."

జూన్ 28

వాన లేదు. గొడుగు ఇచ్చేసి వచ్చాను.